ముద్ర లేని కప్పు

పళ్ళ డాక్టరు లోపలి గదిలోంచి వచ్చేసరికి, ముందుగదిలో అద్దాల అలమర తలుపు బార్లా తీసి ఉంది.

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది.

అందులో పదకొండు మట్టికప్పులున్నాయి. వాటిని భార్యని కూడా ముట్టుకోనివ్వడు. ఆదివారం పూట ఆయనే తీసి, ఆయనే తుడిచి, ఆయనే సర్దుకుంటాడు. తనకి లేని మర్యాద ఆ కప్పులకుందని ఆవిడ పేషెంట్లందరికీ చెప్పి నవ్వుతూ ఉంటుంది.

ఇప్పుడు వాటిలో ఒకటి ముక్కూమొహం తెలియని ఒక ముసలాయన చేతిలో ఉంది. బోర్లించి చూస్తున్నాడు. పిడిలో వేలు దూర్చి బరువు కూడా చూస్తున్నాడు.

"ముందు అది అక్కడ పెట్టండి," అన్నాడు డాక్టరు.

ముసలాయన పెట్టాడు. పెట్టి ఊరుకున్నా బావుండేది.

"దీని పిడి కాస్త బరువైందండీ," అన్నాడు.

ఎంత మాట! ఆ కప్పులు చేసింది అల్లాటప్పా మనిషా? చేతిపని విలువ తెలిసినవాళ్ళంతా 'మట్టిచేతులమ్మ' అని పిలుచుకునే ఆవిడ. పోయి నాలుగు నెలలైంది. మూడేళ్ళ కిందట పన్నెండు కప్పుల సెట్టు చేసింది. అదే ఆఖరు. డెబ్బై దాటినా చెయ్యి ఇసుమంతైనా వణకలేదని, ఆవిడ పనితనమంతా ఆ సెట్టులోనే ఉందని డాక్టరు కనిపించినవాళ్ళకల్లా చెబుతాడు. నోట్లో అద్దం పెట్టించుకుని నోరు తెరిచి కూర్చున్నవాళ్ళు కాదనలేరు కదా.

పదకొండు దొరికాయి. పన్నెండోది మాత్రం అంతు చిక్కలేదు. అది లేకపోతే ఈ పదకొండూ ఉండీ లేనట్టేనని ఆయన బాధ. అందుకే పేపర్లో ప్రకటన కూడా ఇచ్చాడు.

ముసలాయన ఆ ప్రకటన చూసే వచ్చాడట.

ఆ మాటతో డాక్టరు కోపం సగం దిగింది. కుర్చీ చూపించాడు. ముసలాయన కూర్చోకుండానే సంచిలోంచి తువ్వాలు మూట తీసి విప్పాడు.

అందులోని కప్పు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. అంచు ఎగుడుదిగుడు. గోడ ఒకచోట మందం, ఒకచోట పలచన.

డాక్టరు నుదుటి దీపం వెలిగించుకున్నాడు. పళ్ళు చూసే చిన్న అద్దం పెట్టి కప్పు అడుగంతా వెతికాడు. మట్టిచేతులమ్మ చేసిన ప్రతి దానికీ అడుగున గోరంత చేపముద్ర ఉంటుంది. దీనికి లేదు.

"ఆవిడ వెయ్యనివ్వలేదండీ," అన్నాడు ముసలాయన.

ఆవిడదేనని నమ్మకమేమిటని డాక్టరు అడిగాడు. తన కళ్ళముందే చేసిందన్నాడాయన. తనకేమీ ఇవ్వక్కర్లేదని, ఇక్కడ బాగా చూసుకుంటారని విన్నానని, దీన్ని కూడా ఆ పదకొండింటి పక్కన పెడితే చాలని అన్నాడు.

ఊరికే ఇస్తానంటున్నాడంటే ఏదో మతలబు ఉంది. డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది. మనిషి పోయి ఇంకా నాలుగు నెలలే, అప్పుడే ఆవిడ పేరు చెప్పి ఇలాంటి అష్టావంకర సరుకు తిప్పుతున్నారు. అడిగేవాడు లేడనేగా?

"ఇలాంటిది చూస్తే ఆవిడ ఏం చేసేదో తెలుసా? ముద్రకి తగని దాన్ని కప్పులు కాల్చే ఆవం తెరిచిన రోజే పగలగొట్టేది. ఒక్కదాన్నీ గడప దాటనిచ్చేది కాదు. ఆ పనేదో నేనే చేస్తాను."

చేశాడు కూడా. చేతులు కడుక్కునే తొట్టి అంచుకి కొడితే కప్పు నాలుగు ముక్కలైంది.

చప్పుడికి భార్య పరుగెత్తుకొచ్చింది.

ముసలాయన వంగి ముక్కలేరుకున్నాడు. చిన్న పెంకొకటి కుర్చీ కిందికి పోతే మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి చాచి తీసుకున్నాడు. అన్నీ తువ్వాల్లో కట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆవిడా అదే అందండీ, పగలగొట్టెయ్యమని. నాకే చేతులు రాలేదు."

వెళ్ళిపోయాడు.

అంత పెద్దాయన మీద అలా విరుచుకుపడటానికి మనసెలా వచ్చిందని భార్య నిలదీసింది. దొంగసరుకు అమ్మేవాళ్ళకి వయసుతో పనేమిటని డాక్టరు కసిరాడు. అక్కడితో ఊరుకోలేదు. మట్టిచేతులమ్మ చెల్లెలికి ఫోను చేశాడు. అక్క పోయాక అక్కడి వ్యవహారాలన్నీ ఆవిడే చూసుకుంటోంది. జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, ఇలాంటివాళ్ళ మీద కంప్లైంటు ఇచ్చి తీరాలన్నాడు.

"కప్పు అంచు వంకరగా ఉందా?" అని అడిగింది ఆవిడ.

"వంకరా? నా దగ్గరికొచ్చే పిల్లల పళ్ళు నయం."



ఆవిడ మెల్లగా చెప్పింది. ఎనిమిదేళ్ళ కిందటే అక్క చేతులకి వణుకుడు పట్టుకుందట. సారె మీద మట్టి నిలిచేది కాదట. ఇక చెయ్యలేదని పదిమందికీ తెలిస్తే అక్క బతకదని, ఇంట్లోవాళ్ళు గుట్టుగా ఉంచారట. ఆ సెట్టు చేస్తున్నప్పుడు మాత్రం, ఒక్కటైనా తన చేత్తో చేస్తానని పంతం పట్టి, మూడు రోజులు సారె ముందు కూర్చుందట.

"ఆ మూడు రోజులకీ నిలిచింది అదొక్కటే, డాక్టరుగారూ."

డాక్టరు ఫోను చేత్తో పట్టుకునే వీధిలోకి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. ముసలాయన జాడ లేదు.

"మరి నా దగ్గరున్న పదకొండూ?" అన్నాడు.

"అవన్నీ తన చేత్తో చేసి, అక్క ముద్ర వేసి, ఒక్కనాడూ నావని చెప్పుకోని మనిషినే మీరిప్పుడు పంపించేశారు, మా బావని."