‘మేము’ అనకూడదు

ఆ గదిలో ఎవరూ ఇంటిపేరు చెప్పకూడదన్నది సుచరిత మేడమ్ పెట్టిన మొదటి నియమం. ఇంటిపేరు వస్తే దాని వెంటే కులం కూడా వస్తుందని ఆమె భయం. రెండో నియమం, ఎవరూ ‘మేము’ అనకూడదు, ‘నేను’ అనే మాట్లాడాలి. మూడోది, అందరూ ఒకరినొకరు అన్నా, తమ్ముడూ అని పిలుచుకోవాలి.

మేడమ్‌ది రాజమండ్రి. కర్నూలులో ఓ ప్రైవేటు కాలేజీకి కాంట్రాక్టు మీద తెలుగు చెప్పడానికి వచ్చింది. ఆమె ‘అండీ’ అన్నప్పుడల్లా క్లాసంతా ‘అండీ’ అని సాగదీసేది. నువ్వు ఈ ఊరి దానివి కాదని రోజూ ఎవరో ఒకరు ఆమెకు గుర్తు చేస్తూనే ఉండేవారు. ఆ కడుపుమంటలోంచే శనివారం శనివారం ‘నేనెవరు?’ అనే సభ పుట్టింది. పిల్లలు వచ్చి తమ గోడు చెప్పుకోవాలి. వచ్చినవాళ్ళకు అటెండెన్స్ వేస్తారు కాబట్టి బాగానే వచ్చేవారు.

చైర్మన్‌కు ఈ సభ తెగ నచ్చేసింది. వార్షికోత్సవంలో ఇందులోంచి ఒక మంచి కార్యక్రమం చేయించమన్నాడు. అది బాగా వస్తే ఉద్యోగం పర్మినెంట్ అన్నాడు. రాకపోతే ఏమిటో ఆయన అనలేదు, ఆమె అడగలేదు.

సరిగ్గా అప్పుడు దొరికారు ఆ ముగ్గురు. డిగ్రీ మూడో ఏడు ఓబుళేశు, రెండో ఏడు దస్తగిరి, మొదటి ఏడు ఏసుమణి. పేర్లు వినగానే మేడమ్ ఒళ్ళు పులకరించింది. పైగా హాస్టల్లో ముగ్గురిదీ ఒకే గదట. మూడు మతాలకూ కలిపి ఒకే బకెట్టు.

ముందు ఓబుళేశు లేచాడు. “మేడమ్, మేం ముగ్గురం...”

“మేము వద్దు బాబూ. నేను అని చెప్పు.”

వాడు కాసేపు బుర్ర గోక్కున్నాడు. “ఎప్పుడూ నేనే తగ్గాల మేడమ్. వాళ్ళు చిన్నోళ్ళంట. నేనే సర్దుకోవాలంట.”

ఎక్కువమంది ఉన్న మతంవాళ్ళ మనసులో మాటను ఇంత నిజాయితీగా ఎవరూ బయటపెట్టలేదని మేడమ్ అనుకుంది.

దస్తగిరి గొంతు సవరించుకున్నాడు. “పొద్దున్నే నీళ్ళకాడికి ముందు ఓబుళేశన్నే పోవాల. చిన్నప్పట్నుంచీ ఇదే కత మేడమ్. నేనొకణ్ణి ఉండానని గూడా ఎవురికీ గెవనం ఉండదు.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ ఆ బెంచీ మొత్తాన్ని బయటికి పంపింది. తరతరాల బాధను విని నవ్వేవాళ్ళకు ఇక్కడ చోటు లేదంది.

ఏసుమణిది మరీ దారుణం. వాళ్ళిద్దరూ తొడుక్కుని విడిచిన బట్టలే తనకు వస్తాయన్నాడు. తన మాట ఎవరూ వినరన్నాడు. మేడమ్ చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. ఆ రోజే కార్యక్రమం ఖాయమైపోయింది. పేరు ‘మూడు దారులు, ఒకే గమ్యం’.

ఆ ముగ్గురూ దాన్ని నాటకం అనుకున్నారు. వేషం వేయమంటే వేశారు. ఓబుళేశుకు పట్టుపంచె, నుదుట నామం. దస్తగిరి దగ్గర టోపీ లేకపోతే పక్క గది రఫీని అడిగి తెచ్చుకున్నాడు. సొంత టోపీ పెట్టెలో దాచుకోవడానికి కూడా జంకుతున్నాడు పాపం అని మేడమ్ నొచ్చుకుంది. ఏసుమణికి సిలువ గొలుసు ఆమే కొనిచ్చింది.

మూడు ఇళ్ళ తల్లులకని ముందు వరసలో మూడు కుర్చీలు వేయించింది. ఒక్కావిడే వచ్చింది. నుదుట రూపాయంత బొట్టు, ఒళ్ళో సజ్జరొట్టెల సంచి. పేరు గంగక్క అని చెప్పింది. ఓబుళేశు వాళ్ళమ్మేనా అని అడిగితే అవునంది. మిగతా రెండు కుర్చీలూ ఖాళీగా ఉండిపోయాయి. ఎంతైనా వాళ్ళకింకా భయం పోలేదని మేడమ్ నిట్టూర్చింది.

తెర లేచింది. ముగ్గురూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. చైర్మన్ చప్పట్లు కొట్టాడు. విలేకరి సెల్‌ఫోన్ పైకెత్తాడు. ఇక ముగ్గురూ కౌగిలించుకోవాలి.

కౌగిలించుకోబోతూ దస్తగిరి ఆగిపోయాడు. ఓబుళేశు పంచె మీద వేసుకున్న చొక్కాకేసి ఎగాదిగా చూశాడు.

“ఇది నా చొక్కా” అన్నాడు మైకులో.

ఓబుళేశు పళ్ళు నూరుతూ ఊరుకొమ్మన్నాడు. దస్తగిరి ఊరుకోలేదు. కాలరు పట్టుకున్నాడు. ఓబుళేశు వాడి టోపీ లాగి విసిరేశాడు. విడదీయడానికి వెళ్ళిన ఏసుమణి మూతి పగిలింది. హాలంతా లేచి నిలబడింది. ప్రిన్సిపాల్ గేట్లు మూయించాడు, పోలీసులకు ఫోన్ చేయమన్నాడు. చైర్మన్ వెనక తలుపు ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. మేడమ్ స్టేజీ మెట్ల మీద కూలబడి, నా ముఖం చూసైనా ఆపండి బాబూ అని ఏడ్చింది. ఉద్యోగం పోతే పోయింది, తన వల్ల ఊరు తగలబడుతుందని ఆమె భయం.

గంగక్క సంచి కుర్చీలో పెట్టి స్టేజీ ఎక్కింది. ముందు ఓబుళేశు చెంప ఛెళ్ళుమనిపించింది. కన్నతల్లి కదా, ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత దస్తగిరికి రెండు ఇచ్చింది. ఏడుస్తున్న ఏసుమణికి, ఏడుస్తున్నందుకు ఒకటి.

ప్రిన్సిపాల్ పరుగున వచ్చి ఆమెకు అడ్డం నిలబడ్డాడు.

“నీ కొడుకును ఎంతైనా కొట్టుకో తల్లీ. ఆ ఇద్దరి మీద చెయ్యెందుకు చేసుకుంటావు? వాళ్ళ తరపువాళ్ళు వచ్చి అడిగితే ఏం చెప్పాలి?”

గంగక్క చెంగుతో చెయ్యి తుడుచుకుని ఆయన్ను వింతగా చూసింది.

“ఎవురొస్తారు సారూ, పిల్లోళ్ళు నిలవక పెద్దోనికి అహోబిలంలో, నడిపోనికి దర్గాలో, చిన్నోనికి చర్చీలో మొక్కుకొని ఆ పేర్లు పెడితి గానీ ముగ్గుర్నీ కన్నది నేనే” అంది.