జాబితాలో సోములమ్మ

“ఈ నంబరు నీకెవులిచ్చినారు సావుకారూ?”

అరకు సంతలో కాఫీ గింజలు కొనే మంగరాజు తూకం ఆపి తలెత్తాడు. ఎదురుగా నలభై దాటిన ఆడమనిషి. భుజాన ఖాళీ సంచి, చేతిలో ఫోను.

“నిన్న ఫోన్లో మాట్లాడిన సోములమ్మవా? రా, కూకో. ఎవరూ ఇవ్వలేదు. రైతుల పేర్లు, నంబర్లు, పంటలు పోగేసి అమ్మే కంపెనీ ఒకటుంది. ఆ జాబితా కొన్నాను.”

“పేర్లు కూడా అమ్ముతారేటి!” అంటుండగానే ఫోను మోగింది. ఆమె కట్ చేసింది. “పొద్దున్నించి ఇది ఏడోది. పని సేసుకోనీరు.”

మంగరాజు బుర్రలో లెక్క నడిచింది. జాబితా ప్రకారం కిల్లో సోములమ్మకి ఇరవై రెండు ఎకరాల కాఫీ తోట. పేరు అందులో ఉన్నన్నాళ్లూ బెంగళూరు వాళ్లూ, విశాఖ వాళ్లూ వెంటపడుతూనే ఉంటారు. పేరు తీసేస్తే వెబ్‌సైట్లో చూసి ఫోన్లు చేసేవాళ్లకి నంబరు దొరకదు, ముందే రాసుకున్న తనొక్కడే మిగులుతాడు.

“తీసేయించుకోవచ్చు. కంపెనీ వెబ్‌సైట్లో ఫారం ఉంది, నేనే నింపుతాను.”

“తీసేత్తే ఏటవుద్ది?”

“ఒక్క ఫోనూ రాదు. హాయి.”

“నువ్వు కొన్న జాబితాలోంచి కూడా పోద్దా?”

మంగరాజు చూపు తూకం మీదకి మళ్లించాడు.

“అంటే బేరానికి నువ్వొక్కడివే మిగుల్తావన్నమాట,” అని నవ్వింది.

అతనికి ముచ్చటేసింది. ఇరవై ఏళ్ల వ్యాపారంలో తన ఎత్తు ఇంత త్వరగా పట్టేసినవాళ్లు లేరు. అయినా తన ఫోన్లో ఫారం తెరిచి వివరాలు చదివాడు. ఇరవై రెండు ఎకరాలు అనగానే ఆమె పకపకా నవ్వింది.

“మా ఊళ్లో సోమారం పుట్టిన ప్రతి ఆడగుంటా సోములమ్మే బాబూ. ఇంటిపేరూ ఒకటే. పదకొండు మందున్నారు, తలో రెండెకరాలు. సిగ్నలందే ఫోను ఇదొక్కటేనని అందరూ ఈ నంబరే సెప్పినారు. కంపెనీవోడు అందర్నీ కలిపి ఒక్క మనిషిని సేసేసినాడు!”

“మరి తప్పు కదా! బేగి తీసేయాల.”

ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఎత్తి స్పీకర్‌లో పెట్టింది.

“మేడమ్, బెంగళూరు నుంచి. పంటంతా మాకే ఇస్తే సంత ధర మీద కిలోకి ముప్పై రూపాయలు ఎక్కువిస్తాం. లారీ మీ ఊరికే పంపిస్తాం.”

“ఆలోసించి సెప్తాం,” అని పెట్టేసింది. “సూసినావా? విడివిడిగా సంతకొత్తే ‘ఏయ్, మూట దించు’ అంతారు. కలిపేత్తే మేడమంతన్నారు. సికాకున్నా ఈ పేరు ఉండనీ.”

“ముప్పై అయిదు. లారీ నాది,” అన్నాడు మంగరాజు. అన్నాక తన నోటిని తనే నమ్మలేకపోయాడు.

“ఒప్పుకున్నాం.”

ఈ మనిషిని వచ్చే ఏడు ఇంకొకడికి వదిలితే నష్టమే. మంగరాజు ఆఖరి ప్రయత్నంగా ఫారం ఉన్న తన ఫోను ఆమె ముందుకు జరిపాడు.

“బేరం కుదిరింది కదా, ఇంక వాళ్లతో ఏటి పని? ‘ఈ పేరు గల మనిషిని నేనే’ అని ఉంది చూడు, దాని మీద వేలు పెట్టు, చాలు.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

“అబద్ధమాడలేను బాబూ. నేను సుక్కురారం పుట్టిన సుక్రిని. బేరం బాగా ఆడతానని ఆ పదకొండు మందీ నన్ను పంపినారు.”