వెనక వరస తడి

రెమ్మలకు వేళ్లు పట్టించే తుంపర గది తలుపు తీసేసరికి లోపల ఎవరో ఉన్నారు.

కొత్తమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ నర్సరీలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

ఒక ముసలామె వెనక వరస మీదికి వంగి, పైన్ రెమ్మలకు చెంప ఆనించి నిలబడి ఉంది. కళ్లు మూసుకుంది. ఒక చేతిలో నీళ్ల సీసా, ఇంకో చేతిలో తాళంచెవి. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది.

ఆ రెమ్మల మీద చెయ్యి వెయ్యొద్దని మేస్త్రీ మొదటిరోజే చెప్పాడు. ఇసుకలో గుచ్చాక కదిపితే లోపల పుట్టే వేరు పుటుక్కున తెగుతుందట. నీటి విషయంలో ఇవి కొత్తల్లుళ్లని, తక్కువైనా అలుగుతాయి, ఎక్కువైనా అలుగుతాయని నవ్వాడు. తల్లిచెట్టు గాలివానకు కూలిపోయింది కాబట్టి మళ్లీ కోసుకొచ్చేందుకు కొమ్మ లేదు. ఇవి బతికితేనే నీ పని నిలుస్తుందన్నప్పుడు మాత్రం నవ్వలేదు.

పాపకు పాలివ్వడానికి పక్కగదికి వెళ్లింది, అంతే. ఆ కాస్తలోనే ఇలా.

“ఎవరు నువ్వు? లోపలికెలా వచ్చావు?”

ముసలామె ఉలిక్కిపడలేదు. గొంతు వినబడిన వైపు తల తిప్పింది.

“పాప పాలు తాగిందా తల్లీ?”

కొత్తమ్మాయి ఒకడుగు వెనక్కి వేసింది. తనకు పాప ఉందని ఈవిడకెలా తెలుసు?

వెనక వరసలో తడి అంటూ ముసలామె ఏదో చెప్పబోయింది. కొత్తమ్మాయి వినిపించుకోలేదు. తాళంచెవి లాక్కుంది. ఒక్క రెమ్మ చచ్చినా నా కడుపు కొట్టినట్టేనని, ఇంకోసారి ఈ గుమ్మం తొక్కితే ఊరుకోనని కసురుతూ బయటికి నడిపించింది.

ముసలామె గోడ పట్టుకుని వెళ్లిపోయింది. సీసా మాత్రం వెనక వరస పక్కనే ఉంది. కొత్తమ్మాయి దాన్ని చెత్తలో పారేసింది.

మేస్త్రీకి చెప్పలేదు. చెబితే, గది వదిలి ఎందుకెళ్లావంటాడు.

వారం తిరక్కుండానే వెనక వరస కొసలు ఎర్రబడ్డాయి. ఆ చెంప తగిలిన చోటే. ముందు వరసలు పచ్చగానే ఉన్నాయి.

మేస్త్రీ వచ్చి ఒక రెమ్మను ఇసుకతో సహా పైకి తీశాడు. కింద దారప్పోగుల్లాంటి వేళ్లు. ఎండిపోయాయి.

తలెత్తి ఆ వరస మీద తుంపర చిమ్మే గొట్టం చూశాడు. విప్పితే మూతి నిండా సున్నం రాయిలా పేరుకుని ఉంది.

“దీంట్లోంచి చుక్క రాలి ఎన్నాళ్లయిందో. మరి వేరు పట్టేదాకా తడి పెట్టిందెవరు? నువ్వేనా?”

పక్కగదిలో పాప ఏడుస్తోంది. అవునంటే చాలు, పని నిలుస్తుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది.

“నేను కాదు మేస్త్రీగారూ. ఒక ముసలామె వచ్చింది. రెమ్మలకు చెంప రుద్దుతుంటే పిచ్చిదనుకుని తరిమేశాను.”

మేస్త్రీ చేతిలోని రెమ్మను కింద పెట్టాడు.

“రుద్దలేదమ్మా. చేత్తో ముట్టకూడదని చెంపతో తడి చూస్తుంది.”

ఆమె ఎక్కడుంటుందో చెప్పండి, వెళ్లి కాళ్లు పట్టుకుంటానంది కొత్తమ్మాయి. మొన్ననే ఊళ్లో తన అద్దెగది ఖాళీ చేసిందని, ఎక్కడికి వెళ్లిందో ఎవరికీ తెలియదని చెప్పాడతను. ముందు వరసలు బతికాయి కాబట్టి నీ పనికేం ఢోకా లేదన్నాడు.

తర్వాత నెమ్మదిగా అన్నాడు.

“నీకు ముందు ఈ తుంపర గది పని ఆవిడదే. చూపు తగ్గినా ఉండమన్నాం. గేటు బయట రోజూ ఓ పసిపిల్ల ఏడుస్తోంది, నా పని ఆ తల్లికివ్వండని చెప్పి, తనంతట తానే మానేసింది.”