రొంటిన ఫోను

"నేత చీరలు ఇంట్లోనే అమ్ముతారంట కదా?"

గుమ్మంలో నిలబడిన ఆమెకు ముప్పై దాటినట్టు లేదు. చీరల కోసం నగరికి బయటి ఊళ్ల నుంచి ఇట్లా వచ్చేవాళ్లు మామూలే. భవిత చాప పరిచి చీరల కట్ట విప్పింది.

పక్క రేకుల షెడ్డులో మరమగ్గాలు చెవులు పగిలేలా ఆడుతున్నాయి. వాటి మధ్య భవిత మొగుడు సురేంద్ర, లుంగీ పైకి మడిచి కట్టి తిరుగుతున్నాడు.

ఆమె చీరల కంటే షెడ్డు వైపే ఎక్కువ చూసింది.

"ఆయన ఫోను ఎప్పుడూ రొంటినే దోపుకుంటాడా?"

"మగ్గాల సద్దులో రింగు యాడ ఇనబడతాది? ఒంటికి తగిలుంటే అదురు తెలుస్తాది." భవిత నవ్వింది. "నేను పిలిస్తే పలకడు గానీ, అది అదిరితే సాలు, ఎగిరి దూకుతాడు."

"పిల్లలు?"

భవిత నవ్వు ఆగిపోయింది.

"ఇంకా లేరక్కా."

పెళ్లయి ఆరేళ్లు. సూదులు, స్కానింగులు, మొక్కులు, ఉపవాసాలు అన్నీ భవితవే. ఆస్పత్రి బయట బైకు మీద కూర్చుని ఫోను చూసుకోవడం సురేంద్ర వంతు. ఈమధ్య అత్త చౌడేశ్వరమ్మ కొడుక్కి ఇంకో సంబంధం చూస్తున్నానని, కోడలికి వినబడేంత దూరంలో నిలబడి మరీ చుట్టాలకు చెబుతోంది.

ఆమె గొంతు తగ్గించింది. "ఆయనకు పరీక్ష చేయించినారా?"

"ఆయనకెందుకు? దున్నపోతు మాదిరి ఉండాడు."

"మా అన్న కూడా అట్లే ఉండె. వీర్యంలో కణాలు తక్కువ, ఉండేవి కూడా సరిగ్గా కదల్లేదన్నారు. ఫోను రేడియేషన్ వల్లేనని డాక్టరు గట్టిగా చెప్పలా. అయినా దాన్ని ఆడ పెట్టుకోవద్దన్నాడు. సిగరెట్టు మానిపించినాడు. యాంటీఆక్సిడెంట్ మాత్రలు రాసిచ్చినాడు, ఉసిరికాయ, జామకాయ తినమన్నాడు. ఏది పనిచేసిందో ఆ దేవుడికే తెలియాల. పాప పుట్టింది."

భవిత ముఖం ఎర్రబడింది. వెనక వసారాలో అత్త పప్పు ఏరుతోంది. ఈ మాటలు ఆవిడ చెవిన పడితే ఇంకేమన్నా ఉందా!

"బేరం చీరకు చెయ్యక్కా, మా ఆయనకు కాదు."

ఆమె నొచ్చుకోలేదు. భవిత ముఖంలోకే చూసింది.

"తిట్టినా పర్లేదు. ఆ ఒక్క పరీక్ష అయ్యేదాకా ఎవురేం చెప్పినా ఈ గడప దాటొద్దు. దేని మీదా సంతకం పెట్టొద్దు."

"ఇంతకూ ఎవురు నువ్వు?"

చెప్పబోయినట్టే ఉంది. వసారాలో చౌడేశ్వరమ్మ దగ్గు వినబడగానే లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఒక్క చీరా కొనలేదు. కట్టంతా విప్పించి, సలహా మాత్రం ఉచితంగా ఇచ్చిపోయింది అనుకుంటూ భవిత చీరలు మడత పెట్టింది.

ఆ మాట మొగుడితో అనాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. మగవాణ్ని పట్టుకుని అట్లాంటిది ఎట్లా అడగడం? సిగ్గుపడి మింగేసింది.

రెండు నెలలకు చౌడేశ్వరమ్మ పెద్దమనుషులను పిలిపించింది.

"బిడ్డను కనలేనిదాన్ని ఎన్నాళ్లప్పా మోసేది?"

సురేంద్ర తలెత్తలేదు. ఒళ్లో ఫోను ఉంది గనుక, వంచిన తలకు ఒక పని దొరికింది.

"నీ తప్పని నేను అనడంలే," అన్నాడు చివరికి. "తలరాత."

తప్పు తనదేనని భవిత కూడా నమ్మింది. ఇష్టపడే విడిపోతున్నట్టు సంతకం పెట్టింది. కోర్టులోనూ అదే చెప్పింది. నాయన ఓబయ్య వచ్చి పుట్టింటికి, పాకాలకు తీసుకుపోయాడు.

విడాకులు వచ్చిన ఏడాదికి, నగరిలో పక్కింట్లో ఉండే లీలావతి పాకాలలో ఏదో పెళ్లికి వచ్చి, భవితను చూడటానికి ఇంటికొచ్చింది.

"ఒక మాట చెప్తా, ఎవురికీ చెప్పొద్దు."

"చెప్పినా ఇనేదానికి ఈడ ఎవురుండారక్కా?"

"సురేంద్రకు పరీక్ష చేయించినారు. మా ఆయనే కారులో తిరుపతికి పిల్చుకపోయినాడు. కణాలు దాదాపు లేవంట. కొన్నేండ్లు ముందొచ్చింటే ఏమన్నా చేసి సూసేవాళ్లం, ఇప్పుడు చెప్పలేమన్నాడంట డాక్టరు. ఇప్పుడు ఉసిరికాయలు బస్తాల్లెక్కన తెప్పించుకుంటాండాడు."

"మా అత్త ఏమనింది?"

"ఏమంటాది? నోరెత్తలా. ఊర్లో ఇప్పటికీ గొడ్రాలంటే నువ్వే."

భవిత నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"నా ఎంబడి ఆస్పత్రి మెట్టెక్కని మనిషిని పరీక్షకు ఎవురు ఒప్పించినారక్కా?"

"నువ్వు ఆడ ఉండంగానే మీ అత్త చూసిన సంబంధం పిల్ల. పరీక్ష కాగితం చూపిస్తేనే పెండ్లి అనింది. చూసినాక వద్దు పొమ్మనింది."

లీలావతి కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"పోతాపోతా మీ అత్త మొగం మీదే అనింది, 'మీ కోడలికి ఆ పొద్దే చెప్పినా, చీరలు కొనే సాకుతో మీ ఇంటికొచ్చి' అని."