బోర్డు మీది పేరు

పదింటికి రావాల్సిన మనిషి తొమ్మిదిన్నరకే దిగిపోయిందని ఆఫీసంతా ఒకటే కంగారు.

అది ఆడిటర్ల ఆఫీసు. పనిచేసేది నలభై మందే అయినా, బోర్డు మీది పేరు తొంభై దేశాల్లో ఉంది. ఆ పేరు నిలవాలంటే మూడేళ్లకోసారి వేరే దేశంలోని ఆఫీసు నుంచి ఒకరొచ్చి ఫైళ్లు తనిఖీ చెయ్యాలి.

పోయినసారి తప్పారు. ఈసారి కూడా తప్పితే బోర్డు దింపెయ్యడమే.

మేనేజరు చొక్కా సర్దుకుంటూ పరుగెత్తాడు. రిసెప్షన్లో నెరిసిన జుట్టావిడ, చేతిలో ప్రయాణపు సంచీ.

"రండి మేడమ్! ఒరే, కాఫీ తెండిరా!"

"నేను ఊరికే ఒకసారి చూసిపోదామని..."

"చూడ్డానికే కదండీ వస్తారు! ముందు కూర్చోండి."

ఉన్నవాటిలో మెత్తటి కుర్చీ లాగి వేశాడు. ఆవిడ నవ్వి కూర్చుంది.

"మీ హెడ్డాఫీసు ఎక్కడ నాయనా?"

పరీక్ష మొదలైందనుకున్నాడు మేనేజరు.

"హెడ్డాఫీసంటూ లేదండీ. ఇంటిపేరు ఒకటే, ఎవరి పొయ్యి వాళ్లదే. ఈ ఆఫీసుకి మా భాగస్వాములే యజమానులు. పేరూ, పని పద్ధతీ మాత్రం తొంభై దేశాలవాళ్లకీ ఒకటే."

"ఎవరి పొయ్యి వాళ్లదైతే, ఒకరింట్లో పొగొస్తే మిగతావాళ్లకేం?"

"ఇంటిపేరుకి మసి అంటుకోదుటండీ!"

"పోయినసారి పొగ మీ ఇంట్లోదేనట?"

మేనేజరు తల దించుకున్నాడు.

"మాదేనండీ. ఒక క్లయింటు గోడౌన్‌కి వెళ్లకుండా, వాళ్లు పంపిన ఫోటోలు చూసి సరుకుందని సంతకం పెట్టేశాం. తీరా చూస్తే మొదటి వరస పెట్టెల వెనక అంతా ఖాళీ. సిగ్గుతో చచ్చిపోయాం. అయినా దాచలేదు. మేమే కనిపెట్టాం, మేమే అందరికీ చెప్పుకున్నాం."

"మరిప్పుడో?"

మేనేజరు ఛాతీ రెండంగుళాలు పొంగింది.

"ఇప్పుడు నిచ్చెనెక్కి ఆఖరి వరస దాకా మేమే చూస్తామండీ. మొన్న మా క్లయింట్లలో అందరికన్నా పెద్దవాడు, ఫోటోలు చాలవా అన్నాడు. చాలవన్నాం. అలిగి వెళ్లిపోయాడు. పోతే పోయాడు! తలెత్తుకు తిరుగుతున్నాం, అది చాలు."

ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి.

"కడుపు నిండింది నాయనా."

ఆ మాటతో మేనేజరుకి సగం పాసైపోయినట్టే అనిపించింది.

అంతలో రిసెప్షన్ అమ్మాయి పరుగున వచ్చింది.

"సార్, తనిఖీ ఆయన వచ్చేశారు! లిఫ్టులో ఉన్నారు!"

మేనేజరు ఆవిడ వంక తెల్లబోయి చూశాడు.

"మరి... మీరెవరండీ?"

"నేనా? రిటైరైపోయినదాన్ని. ఇలా వెళ్తూ..."

"ఓరి నాయనో! ముందే చెప్పొద్దుటండీ? ఇంటిగుట్టంతా మీ ముందు విప్పేశాను!"

"నువ్వు చెప్పనిస్తేగా!" ఆవిడ ఫక్కున నవ్వింది.

మేనేజరుకి నవ్వు రాలేదు.

"ఆ కుర్చీ ఆయనకి కావాలి. కాస్త లేస్తారా?"

"అయ్యో, దానిదేముంది. నా రైలుకీ వేళయింది."

ఆవిడ సగం తాగిన కాఫీ కప్పు బల్లమీద పెట్టి, సంచీ తీసుకుని మెట్లవైపు నడిచింది. అందరూ లిఫ్టు దగ్గర బారులు తీరారు. ఆవిడకి వెళ్లొస్తారా అన్నవాళ్లు లేరు.

మూడు రోజులు ఫైళ్లన్నీ తిరగేశాడు తనిఖీ అధికారి. ఒక క్లయింటు గోడౌన్‌కి కూడా వెళ్లొచ్చాడు. మూడోరోజు మధ్యాహ్నం ఆఖరి ఫైలు మూసి, అందరినీ పిలిచాడు.

"నిలబడ్డారయ్యా! ఇంత గట్టి పని ఈ ఏడు నేనెక్కడా చూళ్లేదు. పేరు మీదే."

చప్పట్లతో ఆఫీసు దద్దరిల్లిపోయింది.

"అన్నట్టు," అన్నాడు అధికారి, "ఒక పెద్దావిడ వచ్చి వెళ్లారా? పోయిన నెలే రిటైరయ్యారు. దారిలో మీ ఆఫీసు కళ్లారా చూసిపోతానన్నారు. జుట్టు బాగా నెరిసి ఉంటుంది."

కొడుతున్న చప్పట్లు ఆగిపోయాయి. మేనేజరు ఒకడుగు ముందుకేశాడు.

"వచ్చారండీ... ఎవరావిడ?"

"మీకు తెలీదూ? పోయినసారి మీ పేరు తీసెయ్యాలని తొంభై దేశాలవాళ్ల సభలో అందరూ చేతులెత్తితే, మీ మొహాలైనా ఎరగని ఆవిడొక్కరే లేచి, 'తప్పు తామే చెప్పుకున్నవాళ్లు బాగుపడతారు, మూడేళ్లు గడువివ్వండి, మళ్లీ తప్పితే వాళ్లతోపాటు మా పేరూ తీసెయ్యండి' అని ఇదే పేరున్న తన తొమ్మిది మంది ఆఫీసుని మీకు పూచీగా పెట్టి సంతకం చేశారు."