వెనక సీటు

ఆయన జీవితమంతా యజమానుల కార్లు నడిపాడు. కూతురు ఖరీదైన కారు కొంటే మాత్రం ఎక్కనన్నాడు.

"రెక్కలు ముక్కలు చేసుకున్నవాడికి తెలుస్తుంది డబ్బు విలువ. కూర్చుని సంపాదించేవాళ్లకేం తెలుసు?"

"కూర్చుని చేసేదీ పనే నాన్నా."

మాటా మాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి.

ఆయనకు మతిమరుపు ముదిరిందని తెలిసి, కూతురు అదే కారులో పరుగున వచ్చింది. ఆయన కారును ఆప్యాయంగా తడిమాడు. పల్లెత్తు మాట అనలేదు. వెనక తలుపు తీసి వినయంగా నిలబడ్డాడు.

"కూర్చోండి మేడమ్. ఎక్కడికి పోనిమ్మంటారు?"

ఆమె ఎక్కి కూర్చుంది. "నాన్నా, ఒక్కసారి తిట్టవా?"

"భలేవారే, మిమ్మల్ని తిట్టడమేంటండీ," అంటూ మెల్లగా తలుపు వేశాడు. "మా అమ్మాయి కూడా ఇలాంటిదే కొనుక్కుంది. ఒకసారి ఎక్కించుకోమని అడగాలనుంది మేడమ్. మొహం చెల్లడం లేదు."