నీళ్లు మోసిన గూడబాతు

ఎండు కొండల మీద పక్షులన్నీ గూళ్లు కట్టుకున్న రోజుల్లో, పాముల బారిన పడకుండా వాటికి డేగలు కాపలా కాసేవి. ఆ కొండల మీద చుక్క నీరు లేదు. గంభీరుడనే గూడబాతు దూరపు చెరువు నుంచి ముక్కుసంచి నిండా నీళ్లు తెచ్చి డేగల దాహం తీర్చేవాడు. డేగల దళపతి ఏ రోజు ఏ కొండకి పొమ్మంటాడో తెలీదు. సగం దూరం వెళ్లాక వెనక్కి రమ్మన్న రోజులూ ఉన్నాయి. అలా పన్నెండేళ్లు గడిచాయి.

ఆ ఏడు దళపతి పదవి నిన్నగాక మొన్న వచ్చిన ఓ డేగకి దక్కింది. గంభీరుడు కొండల పెద్ద అయిన గద్ద దగ్గరికి వెళ్లి, "నాకెందుకు ఇవ్వలేదండీ?" అని అడిగాడు.

"నువ్వెన్ని పాముల్ని చంపావు?" అంది గద్ద.

"ఒక్కటీ లేదండీ. రేపట్నించి నేనూ వేటకి వెళ్తాను."

"నువ్వెళ్తే నీళ్లెవరు తెస్తారయ్యా? నీ అంత బాగా మోసేవాడు మనకి లేడు."

అది మెచ్చుకోలో మందలింపో గంభీరుడికి తెలియలేదు. తోటి గూడబాతులు ఎప్పుడో దక్షిణాన కొంగల కొలువుకి వెళ్లిపోయాయి. అక్కడ సాయంత్రానికల్లా గూటికి చేరొచ్చట. తనూ వెళ్లిపోదామని మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు.

దారిలో చెరువు దగ్గర కొత్త దళపతి ఎదురొచ్చాడు. "బాబాయ్, పాములెక్కడుంటాయో నాకు తెలుసు. నీళ్లు ముందు ఏ కొండకి పంపాలో తెలీడం లేదు. కాస్త చెప్పవా?"

గంభీరుడు గట్టున వాలి, తూర్పు కొండ డేగలు నిన్నటి నుంచి దాహంతో ఉన్నాయని చెప్పాడు. దళపతి వెళ్లిపోయాక కాసేపు దక్షిణం వైపు చూశాడు. తర్వాత ముక్కుసంచి నింపుకుని తూర్పుకి ఎగిరాడు. ఎందుకు వెళ్తున్నానా అని దారి పొడవునా ఆలోచించాడు గానీ, జవాబు దొరక్కముందే కొండ వచ్చేసింది.